పనిలో పని, ఒక కిటికీ

పాత ఇల్లు బాగుచేయించుకోనివాడి జన్మ వ్యర్థం!

కోపం తెచ్చుకోకండి. అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళ మీద, కొత్త ఫ్లాటు కొనుక్కుని హాయిగా కాళ్ళు బారజాపుకున్నవాళ్ళ మీద నాకు ద్వేషం లేదు. జాలి ఉంది, అంతే. 'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. పాపం, వాళ్ళకు అంతవరకే తెలుసు. కట్టిన ఇంట్లో కాపురం చేస్తూనే ఆ ఇల్లు పగలగొట్టి, జేబులో ఉన్నదానికి మించిన పని పెట్టుకుని చూడమని చెప్పడం మరిచిపోయారు. ఆ లోటు పూడ్చడానికే ఈ వారం కలం పట్టాను.

అసలు ఇదంతా ఒక కిటికీతో మొదలైంది.

మా ఇల్లు తాతగారు కట్టించింది. ఆయనకు గాలి అన్నా వెలుతురు అన్నా ప్రాణం. అందుకే తాను కూర్చునే వసారాకు మూడు వైపులా కిటికీలు పెట్టించారు. వంటగదిలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి అక్కడ పెట్టించలేదు. అటు గది, ఇటు గది, ముందు హాలు, వెనక గోడ. ఆ గోడకు అవతల పెరడు, ఎండ, గాలి, పిట్టలు అన్నీ ఉన్నాయి. గోడకు మాత్రం సూది దూరే సందు లేదు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి మా ఆవిడ పట్టపగలు లైటు వేసుకునే వంట చేస్తూ వచ్చింది. కరెంటు పోతే కూర వేగిందో లేదో చప్పుడును బట్టి తెలుసుకునేది. ఇంత నైపుణ్యం ఎంతమంది ఇల్లాళ్ళకు ఉంటుంది చెప్పండి? నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు ఆవిడ గరిటె పక్కన పెట్టి, "ఏమండీ, ఈ వెనక గోడకి ఒక కిటికీ పెట్టించండి. నాకింకేం వద్దు," అంది.

కిటికీయే కదా! మేస్త్రిని పిలిచాను.

మేస్త్రి వచ్చి గోడను వేలి కణుపులతో కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. ఈ మధ్య డాక్టర్లు కూడా రోగి మీద ఇంత శ్రద్ధ పెట్టడం లేదు. విన్నాక లేచి, "ఒక్క కిటికీ కోసమంటే నాకు గిట్టుబాటు కాదు సార్. ఇంకేమన్నా పనులుంటే చెప్పండి, కలిపి చేసేద్దాం," అన్నాడు.

ఇంకేమన్నా పనులున్నాయా అని మా ఇంట్లో అడిగిన మొదటి మనిషి అతనే! మా వంశానికి ఒక మంత్రం ఉంది. 'పనిలో పని.' మా తాతగారు ఉత్తరం పోస్టు చేయడానికి వెళ్ళి, పనిలో పని అని ఆవును కొనుక్కొచ్చిన మనిషి. ఉత్తరం ఆయన జేబులోనే ఉండిపోయింది. అలాంటి రక్తం మాది.

ముందు అమ్మ అందుకుంది. "ఎలాగూ మేస్త్రి వచ్చాడు కదరా, పనిలో పని, నా గదికి బాత్రూం కలిపించు. ఆ నడవా దాటి వెళ్ళలేకపోతున్నాను." న్యాయమైన కోరిక. కాదనడానికి నోరెలా వస్తుంది?

తర్వాత మా అమ్మాయి. కాలేజీలో చదువుతోంది. "నాన్నా, పనిలో పని, నా గదికి బాల్కనీ."

"కింద ఉన్న గదికి బాల్కనీ ఏమిటే?"

"అయితే నా గది పైన వేయించు," అంది. పిల్లల్ని చదివించడంలో ఉన్న ప్రమాదం ఇదే.

ఈలోగా మా బావమరిది దిగాడు. అతను చెప్పుల షోరూంలో మేనేజరు. కానీ పదేళ్ళ కిందట సొంతంగా ఒక ప్రహరీ గోడ కట్టించిన అనుభవం ఉండటంతో మా రెండు కుటుంబాలకూ అతనే ఇంజనీరు. పాత క్యాలెండరు కాగితం చింపి, వెనక వైపు స్కేలు పెట్టి ప్లాను గీశాడు. "బావా, సిమెంటు ఎలాగూ తెప్పిస్తున్నావు. పనిలో పని, వెనక ఒక గది లేపెయ్. నువ్వు రాసుకోడానికి పనికొస్తుంది," అన్నాడు.

నాకంటూ నేను ఏమీ అడగలేదని మీరు గమనించాలి. రచయితకు ప్రత్యేకంగా గది ఎందుకు? సమాజానికి కావాలి గనక ఒప్పుకున్నాను.

మా ఆవిడ ఆ ప్లాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో నా కిటికీ ఏదిరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"కిటికీ ఎంత సేపక్కా! ఫినిషింగులో పెట్టించేస్తా. వంటింటి గోడకీ బావ గదికీ మధ్య సందు వదిలాను చూడు. వెలుతురుకి లోటుండదు," అన్నాడు.

అలా పని మొదలైంది. ఇల్లు మొత్తం ఒకేసారి తవ్వారు, వంటగది తప్ప. మనుషులకు తిండి ఆగకూడదు కదా!

ఇక లాభాలు వినండి. ఆధునిక కుటుంబాల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదని మేధావులు గుండెలు బాదుకుంటున్నారు. వాళ్ళను మా ఇంటికి పంపండి. మంచాలు, బీరువా, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్, మా అమ్మ, నేను, అందరం హాల్లోనే. పక్కకు తిరగాలంటే ఇంటిల్లిపాదీ ఒక మాట అనుకుని తిరగాలి. ఎప్పుడూ తలుపు వేసుకుని ఉండే మా అమ్మాయిని అన్నాళ్ళకు అంత దగ్గరగా చూసి, "కళ్ళజోడు ఎప్పుడు పెట్టుకున్నావమ్మా?" అన్నాను ఆశ్చర్యంగా. "తొమ్మిదో క్లాసులో నాన్నా," అంది. ఇల్లు పగలగొట్టకపోయి ఉంటే నా కూతురి చూపు సంగతి నాకెప్పటికి తెలిసేది?

ఆరోగ్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎముకలకు బలమని కాల్షియం మాత్రలు మింగేవాళ్ళున్నారు. మాకు అది గాల్లోనే దొరికేది. టీలో, అన్నంలో, దిండు గలీబులో, ఎక్కడ చూసినా సిమెంటే. గుమ్మం ముందు ఇసుక గుట్ట ఎక్కి దిగితే తప్ప ఆఫీసుకు వెళ్ళే దారి లేదు. జిమ్ముకు కట్టే డబ్బు మిగిలింది. నేను ఎప్పుడూ కట్టలేదనుకోండి, అయినా మిగిలినట్టే లెక్క.

ఇరుగుపొరుగుతో సంబంధాలు ఎంత మెరుగుపడ్డాయని! పక్కింటాయన నేను ఎదురైనా తల తిప్పుకునే మనిషి. ఇప్పుడు పొద్దున్నే తనే వచ్చి తలుపు కొడుతున్నాడు. "మీ ఇసుక మా డ్రైనేజీలోకి వచ్చిందండీ," అంటాడు ఒకరోజు. "మీ కంకర మా కారు కింద ఉందండీ," అంటాడు ఇంకో రోజు. మాటల్లో కాస్త కారం ఉంటుంది, ఉండనీండి. అసలంటూ పలకరిస్తున్నాడా లేదా?

మేస్త్రి వల్ల నాకు కాలజ్ఞానం కలిగింది. 'రేపు' అంటే ఇవాళ కాని ఏ రోజైనా కావచ్చునని, 'ఐపోయినట్టే' అంటే ఇంకా మొదలు కాలేదని నాకు అప్పటిదాకా తెలియదు. అతని ఆత్మవిశ్వాసం మన యువతకు పాఠంగా పెట్టవలసినది. పనివాళ్ళకు ఒక పద్ధతి ఉంది. తమకంటే ముందు చేసినవాణ్ణి తిట్టందే పనిముట్టు ముట్టుకోరు. ప్లంబరు వచ్చి మేస్త్రిని తిట్టాడు. టైల్సు అతను వచ్చి ప్లంబర్ని తిట్టాడు. ఎలక్ట్రీషియన్ అందర్నీ కలిపి తిట్టాడు. ఇంకో ఇంటి పని మీద కొన్నాళ్ళు మాయమైన మా మేస్త్రి తిరిగొచ్చి, స్నానాలగది గోడ చూసి తల పట్టుకున్నాడు.

"ఎవడు సార్ ఈ గోడ కట్టింది? బుద్ధుందా వాడికి?"

"నువ్వే," అన్నాను.

అతను గోడ చుట్టూ ఇంకోసారి తిరిగాడు. "అందుకే ఇంకా నిలబడింది," అన్నాడు.

మధ్యలో బడ్జెట్ అయిపోయింది. బెంగపడలేదు. బడ్జెట్ అంటే పొట్టి దుప్పటి, తల కప్పుకుంటే కాళ్ళు బయటికొస్తాయి. బడ్జెట్టే లేకపోతే ఆ గొడవే లేదు, ముడుచుకుని పడుకోవచ్చు. అమ్మ బాత్రూముకు తలుపు బదులు కర్టెన్ వచ్చింది. లోపల ఉన్నవాళ్ళు పాడుతూ ఉండాలని నియమం పెట్టుకున్నాం. మా అమ్మకు ఇంత మంచి గొంతు ఉందని అప్పుడే తెలిసింది. మేడ మీదకు మెట్లు వేశారు. పైన గది మాత్రం పడలేదు. మెట్లన్నీ ఎక్కి తిన్నగా వెళ్తే ఆకాశం వస్తుంది. ఇంత తక్కువ ఖర్చులో స్వర్గానికి నిచ్చెన వేసినవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. మా అమ్మాయి అక్కడే కుర్చీ వేసుకుని, ప్రపంచంలో గోడలు లేని బాల్కనీ తనదొక్కటేనని స్నేహితురాళ్ళకు ఫొటోలు పంపుతోంది.

పొదుపు గురించి చెబుతున్నాను గనక, నా రాత గది సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇటుకలు తగ్గాయి. ఇంకో లోడు తెప్పించే స్తోమత లేదు. నేను దిగాలుగా నిలబడి ఉంటే మేస్త్రి బీడీ ఆర్పేసి, "నాలుగో గోడ మళ్ళీ ఎందుకు సార్ దండగ? వంటింటి గోడ ఉండనే ఉంది. గదిని ఇటు జరిపి దానికే కలిపేద్దాం," అన్నాడు.

ఎంత తెలివి! మూడు గోడల ఖర్చుతో నాలుగు గోడల గది! బావమరిదికి ఫోన్ చేస్తే అతనూ శభాష్ అన్నాడు. ప్లానులో ఆ సందు ఎందుకు వదిలాడో అప్పటికి అతనికీ గుర్తులేదు. నాకు అసలే గుర్తులేదు. క్యాలెండరు కాగితం మీద కంకర లెక్కలు వేసి ఎవరో పారేశారు కూడా.

మరి మా ఆవిడ చూడలేదా అంటారేమో. ఎలా చూస్తుంది? పెరడంతా సెంట్రింగు కర్రలు, రేకులు. అడుగు పెట్టడానికి లేదు. పోనీ వంటగదిలోంచి తొంగి చూద్దామంటే, దానికి కిటికీ లేదు!

మధ్య మధ్య అడుగుతూనే ఉండేది పాపం. బాత్రూముకు టైల్సు వేస్తుంటే "నా కిటికీ?" అంది. మెట్లకు రెయిలింగ్ వెల్డింగు చేస్తుంటే "కిటికీ మాటేమైంది?" అంది. "ఫినిషింగులో," అన్నాం అందరం ఒకే గొంతుతో. ఇంతమంది ఒక్క మాట మీద నిలబడటం మా ఇంట్లో అదే మొదలు. బజారుకెళ్ళి ఆవిడే సొంతంగా ఒక కిటికీ చట్రం బేరం చేసి తెచ్చుకుంది. రెండు రెక్కలు, సన్నటి ఊచలు, ఒక పక్క చిన్న గడియ. హాల్లో నిలబెట్టి రోజూ గుడ్డతో తుడిచేది. ఇంట్లో ఉన్నవాటన్నిటి మీదా దుమ్ము ఉండేది గానీ దాని మీద మాత్రం ఉండేది కాదు. అది చూస్తే నాకే ముచ్చటేసేది.

చివరికి ఆ రోజు వచ్చింది. నేను నా కొత్త గదిలో, నల్లరాతి బల్ల ఇంకా బిగించలేదు గనక, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అధికారులకు బొత్తిగా ముందుచూపు లేదని, రోడ్డు వేశాక పైపుల కోసం తవ్వుతారని ఒక ఘాటైన వ్యాసం. మంచి ఊపు మీద ఉన్నాను. గోడకు అవతల సమ్మెట దెబ్బలు మొదలయ్యాయి. ఎక్కడో పని జరుగుతోంది, మంచిదేలే అనుకున్నాను.

ఒక ఇటుక వచ్చి నా పాదాల దగ్గర పడింది. ఇంకొకటి నా టీ గ్లాసు మీద పడింది. గోడలో పెద్ద కన్నం. తెల్లటి దుమ్ము.

ఆ దుమ్ము మెల్లగా అణిగింది. కన్నానికి అవతల మా ఆవిడ. జుట్టు సరిచేసుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఎండ ముఖం మీద పడుతుందని కళ్ళు కాస్త చికిలించి నిలబడి ఉంది.

"మీరా!" అంది.

నేనే. కాదని ఎలా అంటాను?

"ఇటు మీరున్నారేంటి?"

"కూర్చున్నాను," అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. నా వెనక గోడను చూసింది. ఆ గోడకు నేను పెట్టించుకున్న పెద్ద కిటికీని, దాని అవతల పెరడును, పెరట్లో ఎండను చూసింది. మేస్త్రి మా ఇద్దరి మధ్యా సమ్మెట పట్టుకుని, "రెండు గదులకీ వెంటిలేషన్ బాగుంటుందమ్మా," అన్నాడు.

నేనూ ఊరుకోలేదు. లోకంలో ప్రతి కష్టం వెనకా ఒక వరం ఉంటుందని నమ్మేవాణ్ణి కదా! "చూశావా, ఇక నుంచి టీ ఇటే అందించొచ్చు. హాలంతా చుట్టి రానక్కర్లేదు. నేను రాసింది వెంటనే నీకు చదివి వినిపించొచ్చు. ఎంతమంది భార్యలకు వంట చేస్తూ సాహిత్యం వినే యోగం ఉంటుంది?" అన్నాను.

ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. అరుస్తుందనీ అనుకున్నాను. రెండూ చేయలేదు. సింకు మీద పడ్డ ఇటుక ముక్క తీసి కింద పెట్టి, నడవా గుండా చుట్టు తిరిగి నా గదిలోకి వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి కాసేపు బయటికి చూసింది. జానతో గోడ కొలిచింది. తర్వాత మేస్త్రిని పిలిచింది.

"మేస్త్రీ, ఆ నల్లరాయి ఇక్కడ వెయ్యి. గట్టు ఈ చివర నుంచి ఆ చివరకి రావాలి. సింకు కిటికీ కిందే ఉండాలి."

"అక్కా, బడ్జెట్ అయిపోయింది," అని గుమ్మంలోంచి బావమరిది గొణిగాడు.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగి ఒక్క చూపు చూసింది. అతనికి షోరూంలో అర్జెంటు పని గుర్తొచ్చింది. చెప్పుల్లేకుండా వెళ్ళిపోయాడు. అమ్మ కర్టెన్ వెనక పాట ఆపేసింది. నేను మేస్త్రితో, "ఆగవయ్యా, అది నా రాతబల్ల కోసం తెచ్చిన రాయి," అన్నాను.

"అమ్మగారు చెప్పారు సార్," అన్నాడు. అప్పటికే అతను దాన్ని ఎత్తేశాడు. అన్నాళ్ళలో అతను చెప్పిన రోజుకు పూర్తిచేసిన పని అదొక్కటే.

ఇప్పుడు వంటిల్లు నా గదిలో ఉంది. నా గది వంటింట్లో ఉంది. మా మధ్య ఆ కన్నం ఉంది. దానికి ఆవిడ తెచ్చుకున్న చట్రమే బిగించారు. గడియ మాత్రం అటు వైపు పెట్టారు.

పాఠకులారా, ఇంతవరకూ నవ్వుతూ చెప్పాను. ఇక నవ్వలేను. ఒక మాట సూటిగా అడుగుతాను. ఇలాంటి గదిలో మనిషన్నవాడు పని చేయగలడా? బయట ఎండ మండిపోతుంటే లోపల లైటు వేసుకుని కూర్చున్నాను! గాలి ఆడదు. మూడు పక్కలా గోడలే. వర్షం వచ్చిందో వెలిసిందో ఎవరో వచ్చి చెబితే తప్ప తెలియదు. నిన్న కరెంటు పోతే చీకట్లో కలం ఎక్కడ పెట్టానో దొరక్క అలాగే కూర్చుండిపోయాను. తల నొప్పి, కళ్ళు మంట. పక్క గదిలో జనం నవ్వుకుంటుంటే వినపడుతుంది గానీ ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. ఖైదీలకు కూడా రోజూ కాసేపు ఎండ చూపిస్తారంటారు! ఒక మనిషిని రోజంతా ఇలాంటి చోట నిలబెట్టి పని చేయించడం ఎంత అన్యాయం! దీని మీద ఎవరూ ఎందుకు మాట్లాడరు? ఎవరూ ఎందుకు రాయరు?

ఈ వాక్యాలు రాసి, ఆవేశం ఆగక అమ్మకు పైకి చదివి వినిపించాను. అమ్మ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని శ్రద్ధగా విన్నది.

"అలవాటైపోతుందిలే నాన్నా," అంది.

ఎన్నాళ్ళకు అలవాటవుతుందని అమ్మను అడిగాను. ఆమె కన్నం వైపు చూసింది. అవతల మా ఆవిడ పెరటి కిటికీ రెక్కలు బార్లా తెరిచి, ఎండలో నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ సంగతి ఆవిడనే అడగాలి. అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.